పాట కింద చిన్న అక్షరాలు

బతుకమ్మకు ఇంకా వారం ఉందనగా మా అమ్మాయి హనుమకొండ హాస్టల్ నుంచి పాలకుర్తి వచ్చింది. భుజం మీది సంచి దించకముందే "నాన్నా, ఈసారి నాకో వ్యాసం రాసిపెట్టాలి" అంది. పాట తామే రాసి తామే పాడే ఆడవాళ్ల మీద వాళ్ల కాలేజీ పత్రిక ఒక సంచిక తెస్తోందట. పిల్లలు తలా ఒకరిని పంచుకున్నారు. మా అమ్మాయి రాజా కుమారిని తీసుకుంది.

"రాసిపెట్టడం కుదరదు. నువ్వు రాయి, నేను దిద్దుతా" అన్నాను. ముప్పై ఏళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన వాణ్ని. ఎర్ర పెన్ను ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది.

సాయంత్రం వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాం. సోమేశ్వరస్వామి గుట్ట మీద ఎండ మెల్లగా దిగిపోతోంది. అరుగు మీద మా చిన్నమ్మ బియ్యం చెరుగుతోంది. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. డెబ్భై ఐదేళ్లు దాటాయి. ఆమె ఇల్లూ మా ఇల్లూ ఒకే గోడకు అటొకటి ఇటొకటి. చిన్నాయన పోయినప్పటి నుంచి పగలంతా మా అరుగు మీదే ఉంటుంది.

మా వాడకట్టులో బతుకమ్మ ఆడాలంటే ముందు లేవాల్సిన గొంతు చిన్నమ్మదే. ఆమె పాట ఎత్తుకుంటే చుట్టూ ఉన్న ఆడవాళ్ల చప్పట్లు వాటంతట అవే ఒక్క లెక్కకు వచ్చేవి. నాట్ల కాలంలో ఆమె ఏ మడిలో దిగితే ఆ మడిలోకి దిగడానికి కూలోళ్లు పోటీ పడేవాళ్లని మా అమ్మ చెప్పేది. పాట నడుస్తుంటే వంగిన నడుముకు పొద్దు తెలియదు మరి.

ఆ గొంతు విలువ నాకూ తెలుసనే అనుకునేవాణ్ని. 1998లో టేపు రికార్డరు సంచిలో వేసుకుని పాలకుర్తి, బమ్మెర, వల్మిడి, విస్నూరు, కడవెండి తిరిగాను. నాటు పాటలు, కలుపు పాటలు, బతుకమ్మ పాటలు, పెండ్లి పాటలు పట్టుకొచ్చాను. 2001లో వాటిని పుస్తకంగా అచ్చు వేయించాను. సొంత డబ్బులతో 500 కాపీలు. సగం పాటలు మా చిన్నమ్మ పాడినవే. పద్ధతి ప్రకారం ప్రతి పాట కిందా చిన్న అక్షరాల్లో ఒక వరుస వేయించాను. సేకరించిన ఊరి పేరు, ఆ పక్కన "కర్త తెలియదు".

మొదటి కాపీ చిన్నమ్మ చేతిలోనే పెట్టాను. ఆమెకు చదువు రాదు. అయినా ఆ పుస్తకాన్ని ఎర్ర రవికె గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకుంది. ఏటా బతుకమ్మ నాడు బయటికి తీసి, పూలు పేర్చడానికి వచ్చిన ఆడవాళ్లకు చూపించి, మళ్లీ చుట్టి గూట్లో పెట్టేది. అక్షరం రాని మనిషి నా పుస్తకాన్ని అంత భద్రంగా దాచుకుందని నేను చాలామందికి చెప్పుకున్నాను.

అమ్మాయి తను రాసుకొచ్చిన కాగితం చదివింది. మొదటి వాక్యమే "రాజా కుమారి ఎంతగానో ఎదిగిన కళాకారిణి" అని ఉంది. ఎర్ర పెన్ను తీశాను.

"ఎదిగింది అంటే సరిపోదు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడి దాకా వచ్చింది? ఆ దూరం చూపించాలి."

అప్పుడు మొదలుపెట్టింది. నాకు తెలియని లోకం. అయినా ఆ పిల్ల చెప్పే తీరులో ఇష్టం కనబడుతుంటే వింటూ ఉండిపోయాను.

ఆమె అసలు పేరు శ్వేత. యల్లాప్రగడ వాళ్ల ఆడపిల్ల. తల్లిదండ్రులు తెలుగువాళ్లు. పుట్టింది 1986లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో, క్లేర్‌మాంట్ అనే ఊళ్లో. చిన్నప్పుడే కూచిపూడి, భరతనాట్యం, ఒడిస్సీ నేర్చుకుంది. తర్వాత ర్యాప్ వైపు వెళ్లింది. కాళ్లకు నేర్పిన జతులు నాలుక మీదికి వచ్చాయి. తకధిమి లెక్కలో ఇంగ్లిషు మాటలు పరుగెత్తిస్తుంటే, అమెరికాలో పుట్టిన ర్యాప్ అడుగున మన నట్టువాంగం వినబడుతుంది.

"అయితే ఆమె పేరు ముందు తన పాటలతో వినబడలేదు నాన్నా. వేరేవాళ్లకు రాసింది. 2014లో ఫాల్ అవుట్ బాయ్ అనే రాక్ బ్యాండుకు 'సెంచురీస్' అనే పాట వచ్చింది. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో పదో స్థానం దాకా ఎక్కింది. అది రాసినవాళ్లలో రాజా కుమారి ఉంది. పాడేది వాళ్లు, వేదిక వాళ్లది, ఈమె పేరు మాత్రం లోపలి కాగితాల్లో. అక్కడి నుంచి సొంత గొంతు దాకా నడిచి వచ్చింది."

ఆ నడకను మెట్టు మెట్టుగా చెప్పింది. 2016లో 'ది కమ్ అప్' పేరుతో చిన్న ఆల్బం. అందులో గొంతు ఎత్తి తానెవరో చాటుకోవడమే ఎక్కువ. పక్కకు తోసేసిన మనిషి తోసుకుని ముందుకొచ్చినట్టు ఉంటుంది. 2017లో ముంబై ర్యాపర్ డివైన్‌తో కలిసి 'సిటీ స్లమ్స్' పాడింది. 2019లో 'బ్లడ్‌లైన్'. పేరుకు తగ్గట్టు అది వంశం వైపు, నెత్తుటి వేరు వైపు చూస్తుంది. తర్వాత గాడ్‌మదర్ రికార్డ్స్ అని సొంత సంస్థ పెట్టుకుంది. 2023లో వచ్చిన 'ది బ్రిడ్జ్' ఆమె మొదటి పూర్తి ఆల్బం.

"ది బ్రిడ్జ్‌లో ఏం మారింది?" అడిగాను.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "ఇంతకుముందు పాటల్లో నేను ఇంత గొప్పదాన్ని అని చెప్పేది. ఇందులో నాకు ఇక్కడ నొచ్చింది అని చెబుతుంది. ర్యాప్ ఉరుము తగ్గింది. రాగం తీసి పాడటం పెరిగింది. ముందు ఎదుటివాళ్లను గెలవడానికి పాడినట్టుంటే, ఇప్పుడు తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు ఉంది."

"అది రాయి. 'ఎంతగానో' కొట్టేసి, ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయి" అన్నాను. నిజంగా సంతోషమేసింది. కళాకారుడి ఎదుగుదలను కొలవడానికి అంతకంటే మంచి కొలబద్ద నాకు తెలియదు. చాటుకునే దశ దాటి ఒప్పుకునే దశకు రావడం తేలిక కాదు. గొంతు పెంచడం సాధనతో వస్తుంది. దించి పాడాలంటే లోపల ఏదో జరగాలి.

చిన్నమ్మ చాట ఆపకుండానే అడిగింది. "గా పిల్ల పాట ఒకటి వినిపియ్యి బిడ్డా."

అమ్మాయి ఫోనులో 'సెంచురీస్' పెట్టింది. మొదట ఒక ఆడగొంతు మాటల్లేని కూనిరాగం తీసింది. తూ తూ తూ అని ఉయ్యాల ఊగినట్టుంది. వెంటనే డ్రమ్ములు, గిటార్లు విరుచుకుపడ్డాయి. నేను చెవులు మూసుకోబోయి అరుగు వైపు చూశాను. చిన్నమ్మ చేతిలో చాట ఆ దరువులోకి వెళ్లిపోయింది. బియ్యం ఎగిరి పడే చప్పుడు డ్రమ్ము దెబ్బతో సరిగ్గా కలుస్తోంది. ఆ పాట ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. లెక్క మాత్రం ఎక్కడా తప్పలేదు.

పాట అయిపోయాక అమ్మాయి ఉత్సాహంగా ఇంకో సంగతి చెప్పింది.

"మొదట్లో వచ్చిన తూ తూ ఉంది చూడు నానమ్మా, అది ఈ పాటది కాదు. సుజాన్ వేగా అని అమెరికాలో ఇంకో ఆమె ఉంది. ఆమె కూడా పాట రాసుకుని పాడుతుంది. న్యూయార్క్‌లో ఒక హోటల్లో కూర్చుని కాఫీ తాగుతూ చూసినవన్నీ కలిపి 'టామ్స్ డైనర్' అని పాట కట్టింది. 1987లో ఆల్బంలో వేసింది. వాయిద్యం ఒక్కటీ లేదు, ఉత్త గొంతు. చివర్లో మాటలు అయిపోయాక ఆ కూనిరాగం తీస్తుంది."

"ఒక్కతే పాడిందా? దరువు లేకుంటనా?"

"ఒక్కతే. 1990లో ఇంగ్లండులో డీఎన్ఏ అనే పేరుతో ఇద్దరు ఆమెను అడగకుండానే దానికి దరువు కట్టి వదిలారు. తర్వాత ఆమె ఒప్పుకుంది. ఆమె సంస్థే దాన్ని విడుదల చేస్తే లోకమంతా పాకింది. ఇంకో వింత ఉంది. మన ఫోన్లలో పాటలు ఎంపీ3 అని ఉంటాయి కదా. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్లలో ఒకడైన జర్మనీ ఆయన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బుర్గ్, పాటను కుదించినా గొంతు చెడకుండా ఉందా లేదా అని ఈమె పాటనే మళ్లీ మళ్లీ విని సరిచూసుకున్నాడు. అందుకే ఆమెను ఎంపీ3కి తల్లి అంటారు."

సంగతి నాకు నచ్చింది. వ్యాసంలోకి వస్తుందా రాదా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో అమ్మాయి అసలు మాట చెప్పింది.

"అందుకే సెంచురీస్ రాసినవాళ్ల జాబితాలో బ్యాండు వాళ్లు నలుగురు, రాజా కుమారి, ఇంకా కొందరితో పాటు సుజాన్ వేగా పేరు కూడా ఉంటుంది."

చాట ఆగింది.

"ఊకె తూ తూ అన్నందుకేనా?" అంది చిన్నమ్మ.

"అవును నానమ్మా."

"గిండ్ల గూడ ఆమెనే పాడిందా?"

"లేదు. ఇందులో వేరే అమ్మాయి పాడింది. గొంతు వేరేవాళ్లదైనా రాగం ఆమెది కదా. అందుకని పేరు పెట్టారు."

"రాగం ఆమెదని ఆళ్లకెట్ల తెలిసింది?"

"తెలుసుకున్నారు నానమ్మా. ఎవరిదో అడిగి తెలుసుకోవాల్సిందే. పేరు పెట్టాలి, డబ్బులో వాటా ఇయ్యాలి."

"అడిగిన్రా" అంది చిన్నమ్మ. అంతే. మళ్లీ చాట ఎత్తింది.

ఆ మాట అప్పుడు నా చెవిన పడింది కానీ మనసుకు ఎక్కలేదు. నా ధ్యాసంతా వ్యాసం మీదే ఉంది. పరదేశం సంగతులతోనే ముగిస్తే బాగుండదు, మన నేల మీదికి తేవాలని అమ్మాయికి చెప్పాను. పాలకుర్తిలో పుట్టినవాళ్లు పాట గురించి రాస్తూ పాల్కురికి సోమనను తలుచుకోకపోతే ఎట్లా?

"రాసుకో. సంస్కృత వృత్తాలను పక్కనబెట్టి, జనం నోట నడిచే ద్విపదలో కావ్యాలు రాసినవాడు సోమన. జాను తెనుగు అన్నాడు. పండితారాధ్య చరిత్రలో ఆనాడు జనం పాడుకునే పాటల జాబితా ఇచ్చాడు. తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, పర్వత పదాలు, ఆనంద పదాలు, శంకర పదాలు, నివాళి పదాలు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట మన ఆడవాళ్ల నోట ఏ పాటలు ఉండేవో ఊహించుకోవడానికి మనకున్న ఆధారాల్లో అదొకటి."

అమ్మాయి రాసుకుంటూ తలెత్తింది. "పాటల పేర్లు ఉన్నాయి. కట్టినవాళ్ల పేర్లు?"

"ఉండవు. పల్లె పాటకు కర్త ఉండడు. ఊరే కర్త. పాట ఊరుమ్మడి బావి లాంటిది. దానికి పట్టా ఉండదు."

ఆ వాక్యం నాకు చాలా ఇష్టం. 2001లో నా పుస్తకానికి రాసుకున్న ముందుమాట దానితోనే మొదలవుతుంది. సభల్లో కూడా ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి.

"బావిని కూడా ఎవరో ఒకరు తవ్వి ఉంటారు కదా నాన్నా" అంది అమ్మాయి.

"ఉంటారు. వాళ్లెవరో తెలియదు. అదే జానపదం గొప్పతనం. కావాలంటే ఒక పాట చూపిస్తా, దాన్ని వ్యాసం చివర పెట్టు" అని లోపలికి వెళ్లి బీరువా వెతికాను. నా కాపీ కనబడలేదు. ఎవరో తీసుకుపోయి ఇచ్చి ఉండరు.

"చిన్నమ్మా, నీ పుస్తకం ఒకసారి ఇస్తావా?"

చిన్నమ్మ చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, గోడ అవతలికి వెళ్లి తెచ్చింది. రవికె గుడ్డ ముడి తనే విప్పింది. అగరుబత్తి వాసన, పసుపు వాసన కలిసి వచ్చాయి. పుస్తకాన్ని మంచం మీద పెడితే దానంతట అదే ఒక పేజీ దగ్గర తెరుచుకుంది. ఎన్నోసార్లు అక్కడే విప్పితే తప్ప పుస్తకం అలా తెరుచుకోదు. నేను వెతుకుతున్న పాట కూడా అదే. పేజీ అడుగున పసుపు మరక ఉంది. వేలితో తాకీ తాకీ కాగితం అక్కడ పలచబడింది.

అమ్మాయి పైకి చదివింది.

"బావి మీద గిరక ఉయ్యాలో, బావురుమన్నది ఉయ్యాలో. బస్సెక్కినోని నీడ ఉయ్యాలో, బాటకు రాలేదు ఉయ్యాలో. వచ్చేటి పండుగకు ఉయ్యాలో, వస్తడొ రాడొ ఉయ్యాలో."

చదివి ఒక నిమిషం ఊరుకుంది. "నాన్నా, గిరకను ఏడిపించింది చూడు. తను ఏడ్చానని ఒక్క మాట లేదు. రాజా కుమారి మూడు ఆల్బంలు దాటాక చేరిన చోటు, ఈ పాట మొదటి వరుసలోనే ఉంది."

నేను గర్వంగా తలూపాను. నేను సేకరించిన పాట కదా.

"ఆఖరు వరుస మారింది బిడ్డా" అంది చిన్నమ్మ. "గది పాతది. ఇప్పుడు గట్ల పాడుతలేను."

"మారడమేమిటి?" అన్నాను.

చిన్నమ్మ పాడింది. గొంతు సన్నబడింది, చివర కాస్త వణికింది, శ్రుతి మాత్రం కదలలేదు.

"రానోని కోసము ఉయ్యాలో, రాగమెందుకు తల్లి ఉయ్యాలో. రాలిన పువ్వులే ఉయ్యాలో, రేపు బతుకమ్మాయె ఉయ్యాలో."

అమ్మాయి పెన్ను ఆగిపోయింది. నాకు ఒళ్లు జలదరించింది. ఎదురుచూపుతో ఆగిన పాట, ఎదురుచూపును దాటుకుని లేచి నిలబడింది. రాలిన పూలను ఏరి మళ్లీ పేర్చి, రేపటి పండుగ చేసుకుంది. అయినా నాలోని మాస్టారు ఊరుకోలేదు.

"బాగుంది చిన్నమ్మా. కానీ అట్లా మార్చకూడదు. పాత పాటను ఉన్నది ఉన్నట్టు పాడాలి. వేరేవాళ్లు కట్టిన పాట కదా."

చిన్నమ్మ నా వైపు విచిత్రంగా చూసింది.

"ఏరేటోళ్లది ఎట్లయితది కొడుకా? బస్సెక్కింది మీ చిన్నాయన."

వాకిట్లో ఎవరూ మాట్లాడలేదు.

మా చిన్నాయన వానలు లేని ఏడు భివండికి పోయాడు. పవర్‌లూమ్ మగ్గాల మీద పనికి. ఆ రోజుల్లో ఇటువైపు నుంచి భివండికి, సోలాపూర్‌కు, సూరత్‌కు పోని వాడ లేదు. ఏడాదికొకసారి వచ్చేవాడు, కొన్నేళ్లు అదీ లేదు. ఇదంతా మా ఇంటి కథ. నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పాటను టేపు మీద వందసార్లు వెనక్కి తిప్పి విన్నాను. అందులో బస్సు ఉంది, బావి ఉంది. ఆ బావి చిన్నమ్మ ఇంటి వెనకాలే ఉంది.

"ఆయన పోయినంక ఇంకా వస్తడొ రాడొ అనుకుంట ఎట్ల పాడుదు? అందుకే మార్చిన. నాట్లేసుకుంట కట్టిన మొదాలు. మార్చుడు మాత్రం ఒక్క రాత్రిల అయింది."

అమ్మాయి మెల్లగా అడిగింది. "ఇంకా ఏమేం కట్టినవ్ నానమ్మా?"

చిన్నమ్మ పుస్తకం తిరగేస్తూ, బొమ్మల గుర్తుతోనో పేజీ మడతల గుర్తుతోనో, ఒక్కో చోట వేలు పెట్టింది. "ఇది మా అమ్మ పాడంగ నేర్సుకున్న. ఇది నాది. ఇది గూడ నాదే. ఇది కడవెండి నుంచి కోడలై వచ్చినామెది, సచ్చిపోయింది పాపం. ఇది నాది."

నా నోరు ఎండిపోయింది. "చిన్నమ్మా, టేపు పెట్టిన రోజే నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేటిదేమున్నది కొడుకా" అంది ఆమె తేలిగ్గా. మళ్లీ మొదట తెరుచుకున్న పేజీకి వచ్చి, ఆ పసుపు మరక మీద వేలు పెట్టింది. "నువ్వే రాస్తివి గద. పాట కింద సిన్న సిన్న అచ్చరాలు. గిది నా పేరే గదా? ఏటేటా అందరికి గిదే సూపిస్త."

అమ్మాయి నా వైపు చూసింది. ఆ చూపును నేను ఈ జన్మలో మరిచిపోను.

అబద్ధం చెప్పవచ్చు. అవును చిన్నమ్మా, నీ పేరే అనవచ్చు. ఆమె చదవలేదు. ఒక్క క్షణం నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఇరవై ఏళ్లకు పైగా ఆమె ఆ రెండు మాటలకు పసుపు పెట్టి దేవుడి గూట్లో దాచుకుంది. ఇంకొక్క రోజు కూడా దాచుకోనివ్వలేకపోయాను.

"కాదు చిన్నమ్మా" అన్నాను.

"మరేమున్నది?"

"ఈ పాట ఎవరు కట్టారో తెలియదు, అని ఉంది."

ఆమెకు కోపం రాలేదు. కంట నీరు కూడా పెట్టలేదు. వేలు ఆ అక్షరాల మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపటికి, పిల్లవాణ్ని అడిగినట్టు అడిగింది.

"తెల్వదా? అడిగినవా కొడుకా?"

పాలకుర్తిలో ఐలమ్మ విగ్రహం ముందు నుంచి రోజూ నడిచే మనుషులం మేము. కౌలు భూమిలో తాను పండించిన పంటను దొర మనుషులు ఎత్తుకుపోబోతే, నా పంట నాదే అని ఎదురు నిలిచిన ఐలమ్మ ఊరు ఇది. పండించిన చేతిదే పంట అని ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పాను. చెప్పి వచ్చి, నా ఇంటి అరుగు మీది పంటను ఊరుమ్మడి అని రాసి అచ్చు వేయించాను.

జేబులోంచి ఎర్ర పెన్ను తీశాను. పసుపు మరక కింద ఉన్న రెండు మాటలను కొట్టేసి, పక్కన చిన్నమ్మ పేరు రాశాను, ఇంటి పేరుతో సహా. అమ్మాయి దాన్ని గట్టిగా చదివి వినిపించింది. చిన్నమ్మ ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివింది.

ఆ రాత్రి అమ్మాయి తన వ్యాసం అంతా తిరగరాసింది. రాజా కుమారి ఉంది, సుజాన్ వేగా ఉంది, మూడో పాటగత్తె కూడా వచ్చింది. ఈ సంగతి నేనూ రాస్తానని, నీ పేరు పెట్టనా అని చిన్నమ్మను అడిగాను. ఈసారి అడిగాను.

"నీ రాతల నా పేరెందుకు కొడుకా?" అంది. "నా పాట కింద పెట్టు, సాలు."

అందుకే ఆమె పేరు ఇక్కడ లేదు. ఉండాల్సిన చోట ఉంది. మీలో ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం ఉంటే దయచేసి నాకు చేర్చండి, దిద్ది మీకే పంపిస్తాను. నేను అచ్చు వేయించింది 500 కాపీలు. ఇప్పటికి దిద్దింది ఒక్కటి. మిగిలిన 499 కాపీల్లో ఆ పాట కింద ఇవాళ్టికీ "కర్త తెలియదు" అనే ఉంది.